బెంచీ మీద ఉన్నప్పుడు తీసిన ఫిల్ము

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మనుషుల మాటే కాగితం మీద పెడితే తప్ప నమ్మను. కోదాడలో నాకు జిరాక్స్ షాపు ఉంది, పక్కనే కూర్చుని జనానికి అర్జీలు రాసిపెడతాను. ఎవరు నన్ను ఎన్ని గంటలకు ఏమన్నారో జేబు డైరీలో రాసుకోవడం నా అలవాటు. ఇక్కడ చెప్పే సమయాలు అందులోవే.

మా అక్క సైదమ్మది వేములపల్లి. నాటు వేస్తుంటే కుడి డొక్కలో నొప్పి వచ్చిందంటే మిర్యాలగూడలో కడుపు స్కానింగ్ చేయించాం. పిత్తాశయంలో రాళ్లున్నాయేమోనని చూస్తే, కాలేయంలో నిమ్మకాయంత గడ్డ కనిపించింది. సూర్యాపేట పోయి సీటీ స్కాన్ తీయించుకోమన్నారు. ఆ సెంటరు పేరు ఇక్కడ రాయను. భయపడి కాదు, రాయాల్సిన చోట రాశాను.

ఆ పరీక్షలో నరంలోకి మందు ఎక్కించి ఫొటోలు తీస్తారు. ఎక్కగానే ఒకసారి, నిమిషం తర్వాత ఒకసారి, ఇంకొన్ని నిమిషాలు ఆగి చివరిసారి. ఆ చివరిదే అసలుది. ప్రమాదం లేని ఒక రకం గడ్డకు నడుమ నక్షత్రంలాంటి మచ్చ ఉంటుందట. మందు దానిలోకి ఆలస్యంగా చేరుతుంది, అప్పుడది తెల్లగా వెలుగుతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజే తెలిసుంటే ఆ గుమ్మం దగ్గరి నుంచి కదిలేవాడిని కాదు.

4:52కి అక్కను మిషన్ మీంచి దింపేశారు. ఎవరో నాయకుడి అత్తగారు వచ్చారు, ఆమె ఆగలేరట.

"ముందు పోయినాయనను ఇరవై నిమిషాలు ఉంచిండ్రు. మా అక్కకు పన్నెండేనా?" అని టెక్నీషియన్‌ను అడిగాను.

"టైం రాసుకుంటున్నవా సార్? రాసుకో. కామాలు, ఫుల్‌స్టాపులు గూడ పెట్టుకో."

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

బయట బెంచీ మీద కూర్చుని డైరీ తీశాను. లోపల ఆ అత్తగారు. తలుపు మూసి ఉంది, పైన ఎర్ర లైటు వెలుగుతోంది. సాక్ష్యం కోసం ఫోనుతో ఒక ఫొటో తీశాను. తలుపు, లైటు, బెంచీ మీద అక్క. మళ్లీ రాసుకోవడంలో పడ్డాను.

పక్కన అక్క బిగుసుకుపోయింది. కళ్లు మూసుకుని ఊపిరి బిగపట్టింది. భుజం కదిపితే, ఆగమన్నట్టు చేయెత్తింది. కాసేపటికి ఊపిరి వదిలింది.

"ఏమైందక్కా?"

"ఊపిరి ఆపుమన్నరు గదరా. ఒళ్లంత మల్ల ఎచ్చగయింది."

"ఎవలన్నరు?"

"ఎవలో ఆడామె. సైదమ్మా, జర ఊపిరి ఆపు, కదలకు అన్నది."

ఊపిరి ఆపమని లోపలి మిషన్ చెప్పేది హిందీలో. అక్కకు హిందీ రాదు, దాని మాటలకు అర్థం నేనే ముందుగా చెప్పి పంపాను. ఆ గదిలో పనిచేసే ఆడమనిషి కూడా లేదు. మందు వేడి ఇంకా దిగలేదు, ఊరుకో అని కసిరాను.

క్యాన్సర్ కాదని చెప్పలేమని రిపోర్టు వచ్చింది. హైదరాబాదులో కాలేయం సగం దాకా కోసి తీయడానికి రోజు కూడా ఖాయం చేశారు. ఫిల్ముల కవరుకు కొట్టిన పిన్ను మాత్రం ఎవరూ తీయలేదు. చూసిన ప్రతి డాక్టరూ రిపోర్టు కాగితమే చదివాడు. మేమూ అంతే. కవరు ఎంత పెద్దగా ఉంటే అంత మంచి పరీక్ష అనుకుని చంకలో పెట్టుకుని తిరిగాం.

ఆపరేషన్‌కు ముందు రోజు అక్కడి డాక్టరమ్మ పిన్ను పీకి ఫిల్ములను లైటు పెట్టెకు తగిలించారు. రిపోర్టులో రెండని ఉంది. కవరులో మూడున్నాయి. మూడోదాని పక్కన రిపోర్టు పెట్టి చూశారు.

"ఇది చూడకుండానే రిపోర్టు రాశారా?" అన్నారు.

గడ్డ నడుమ మచ్చ తెల్లగా వెలుగుతోంది. ఆపరేషన్ ఆపించి ఎంఆర్ఐ తీయిస్తే అదీ అదే చెప్పింది. ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా. అరుదైనది, ప్రమాదం లేనిది, కోయనక్కర్లేదు.

మూడో ఫిల్ము మీద అక్క పేరుంది. సమయం 5:01. నా ఫోనులో అక్క బెంచీ మీద ఉన్న ఫొటోకూ అదే సమయం. ఇంకెవరిదో అయ్యుంటుందని అనుకోవడానికీ లేదు. చిన్నప్పుడు ట్రాక్టరు మీంచి పడి, విరిగి వంకరగా అతుక్కున్న పక్కటెముక మూడు ఫిల్ముల్లోనూ ఉంది.

అక్కను దింపేసిన వారమే నేను పంపిన ఫిర్యాదుకు, ఇదంతా అయ్యాక సెంటరు వాళ్లు సంతకం పెట్టి జవాబిచ్చారు. రద్దీ వల్ల చివరి ఫొటో తీయలేదు, మిషన్‌లోనూ అది లేదు, ఇచ్చినవి రెండు ఫిల్ములే, చింతిస్తున్నాం అని. నా జన్మలో నేను గెలిచిన ఫిర్యాదు అదొక్కటే. ఆ జవాబును పై అధికారులకు పంపాలంటే మూడో ఫిల్మును దాచాలి. ఫిల్ము చూపిస్తే వాళ్ల తప్పే లేకుండా పోతుంది. జవాబునూ ఫిల్మునూ ఒకే బీరువాలో పెట్టాను.

గడియారాల తేడా అని కొందరన్నారు. తీయని ఫొటోకు గడియారంతో పనేముంది?

మొన్న అక్కను మళ్లీ అడిగాను, ఆ గొంతు ఎవరిదని. కలుపు తీస్తోంది, తలెత్తలేదు.

"నాకేం ఎరుకరా తమ్మీ. నువ్వు రాసుకుంటుంటివి. ఆమెనే నన్ను సూసుకున్నది."

ఆమె ఎవరో నాకూ తెలియదు. ఇంటికొచ్చి డైరీ తిరగేశాను. 5:01 అని వేసి బెంచీ మీద రాసుకున్న చోట కామాలు, ఫుల్‌స్టాపులు అన్న ఆ టెక్నీషియన్ మాట ఒక్కటే ఉంది.