బియ్యం బస్తా వెనక తుపాకి

సెలవు మీద ఊరెళ్ళిన మా వంట పెద్దమ్మ ఇక రాదు. నిన్న ఆమె కొడుకు ఫోన్ చేసి, "అన్నా, అమ్మ పోయింది" అన్నాడు. గల్ఫ్‌లో, ముఐథర్‌లోని ఈ అరబ్బు ఇంట్లో ఆమె వంటమనిషి, నేను డ్రైవర్ని. ఆమెది కడప జిల్లా, నాది గోదావరి. ఏ చుట్టరికమూ లేదు, అయినా ఏడుపాగలేదు. మధ్యలో నవ్వూ వచ్చింది. ఆమెను తలుచుకుంటే ముందు తిట్లే గుర్తొస్తాయి మరి. "గోదారోళ్ళకు కారం తినేది రాదు గానీ, మాటలు మాత్రం కోటలు దాటతాయి" అనేది.

ఒక శుక్రవారం మా యజమానికి, అల్ వక్రాలో ఉండే తమ్ముడికి, వేటడేగ విషయంలో ఫోన్లో మాటా మాటా పెరిగింది. యజమానిని మేం బాబా అంటాం. "ఇవాళ వాడో నేనో! యల్లా, బండి తియ్యి!" అని నామీద అరిచి, పిట్టల వేటకు వాడే తుపాకి కోసం లోపలికెళ్ళాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. తీరా చూస్తే తుపాకి లేదు.

ఇల్లంతా వెతికాడు, వంటిల్లు తప్ప. ఆ ఇంటి మగవాళ్ళు వంటింటి గడప తొక్కరు. అది పెద్దమ్మకి బాగా తెలుసు. ఫోన్లో అరుపులు మొదలవగానే తుపాకిని పాత చీరలో చుట్టి బియ్యం బస్తా వెనక పెట్టేసిందట.

చివరికి బాబా అటు రాగానే గడపకి అడ్డంగా నిలబడి, "అవ్వల్ అన్నం! బాదేన్ బందూకు!" అంది. ముందు తిను, తుపాకి సంగతి తర్వాత అని. ఆమెకొచ్చిన అరబీ అంతే. ఆ పైన అంతా కడప తెలుగే. "పిట్ట కోసరం తోడబుట్టినోన్ని సంపుకుంటారా యాడన్నా?" తర్వాత నావైపు తిరిగి, "నువ్వు బండి తీసినావంటే నీకు కూడు లేదు, సూసుకో!"

ఈమెను ఇవాళే విమానం ఎక్కించేస్తారు అనుకున్నాను. ఇంతలో బాబా తల్లి కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "నేనే దాచమన్నాను. తమ్ముడితో ఒకే పళ్ళెంలో తినేదాకా అది వంటింట్లోనే ఉంటుంది" అంది. అది పచ్చి అబద్ధం! తల్లి మాటకి మాత్రం బాబా తలొంచాడు.

వారం తిరక్కుండా తమ్ముడు చేపలబుట్టతో దిగాడు. పెద్దమ్మ పెట్టిన పులుసుకి అన్నదమ్ములిద్దరికీ కళ్ళనీళ్ళు తిరిగాయి. కారానికేనా అని నేనడగలేదు. ఆ సాయంత్రమే తుపాకి ఇచ్చేసింది.

"భయమెయ్యలేదా పెద్దమ్మా?" అన్నాను.

"ఎందుకెయ్యదు నాయనా. మా పక్క మగోళ్ళు కొట్లాడితే కొడవండ్లు ముందు వంటింట్లోకి చేరేస్తాం. కోపం దిగినంక ఎవరిది వాళ్ళకిస్తాం. ఒకరి వస్తువు మనకెందుకు?"

అప్పట్నుంచి మనసు బాగోకపోతే బాబాయే తుపాకి తెచ్చి గడప అవతల నుంచి ఆమె చేతికిచ్చేవాడు. ఆమె దాన్ని దాచి, నాచేత పళ్ళెం పెట్టించేది.

నిన్న పెద్దమ్మ కబురు చెబితే బాబా లోపలికెళ్ళి తుపాకి పట్టుకొచ్చాడు. గడప దగ్గర అలవాటుగా చెయ్యి చాచాడు. అందుకునే మనిషి లేదు. చెప్పులు విప్పి, గడప దాటాడు. తుపాకిని తనే బియ్యం బస్తా వెనక పెట్టి, పెద్దమ్మ పీట మీద కూర్చున్నాడు.

"అవ్వల్ అన్నం" అన్నాడు నాతో.

నేను పళ్ళెం కడిగాను.