బొట్టు పెట్టుకోని టీచరు

మా అమ్మ జగ్గయ్యపేటలో అంగన్‌వాడీ టీచరుగా పనిచేసేది. వారంలో ఆరు రోజులు బొట్టు పెట్టుకునేది. ఆదివారం పొద్దున తలస్నానం చేశాక మాత్రం పెట్టుకునేది కాదు. తెల్లచీర కట్టుకుని, బైబిలు చేతిసంచిలో పెట్టుకుని, మమ్మల్ని వెంటేసుకుని మందిరానికి నడిచేది. సోమవారం పొద్దున, అద్దానికి అంటించి ఉంచిన స్టిక్కరు మళ్లీ నుదుటి మీదికి వచ్చేది. మా పేటలో ఉద్యోగాలున్న ఆడవాళ్లలో చాలామంది అలాగే ఉండేవారు కాబట్టి నాకది వింతగా తోచలేదు. హైస్కూల్లో ఉండగా ఒకసారి అడిగాను.

“ఆదివారం ఎందుకు తీసేస్తావమ్మా?”

“ఆదివారం దేవుడు చూస్తాడు. మిగతా రోజులు సూపర్‌వైజరు చూసుద్ది” అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ మాట బయట ఎక్కడా అనొద్దని వెంటనే చెప్పింది.

మాది ఎస్సీ కుటుంబం. తాత కాలంలోనే క్రైస్తవంలోకి వచ్చాం. కాగితాల్లో మాత్రం హిందువులుగానే ఉన్నాం. క్రైస్తవులమని రాసుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ ఉండదు, బీసీ-సి కింద లెక్క. అందులో ఉద్యోగాలు బహు తక్కువ. బొట్టు లేకుండా తిరిగితే ఎవరో ఒకరు ఆఫీసుకి ఫిర్యాదు చేస్తారని అమ్మ భయం. ఆ భయం వట్టిది కాదు. మా వీధిలోనే ఒకాయన ఉద్యోగం అలాంటి ఫిర్యాదుతో ఏళ్ల తరబడి కోర్టులో నలిగింది.

డిగ్రీ చివరి ఏడు నేను బాప్తిస్మం తీసుకున్నాను. వేదాద్రి వైపు, కృష్ణ ఒడ్డున. దిగువన గుడికొచ్చిన వాళ్లు మునకలేస్తున్నారు, కాస్త ఎగువన మేము పాటలు పాడుకుంటూ నీళ్లలోకి దిగాము. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి తడిజుట్టు ఆరబెట్టుకుంటూ అమ్మకి చెప్పాను, ఇక బొట్టు పెట్టుకోననీ, టీచరు పోస్టుకి బీసీ-సి కిందే దరఖాస్తు చేస్తాననీ.

అమ్మ పళ్లెంలో చెయ్యి అలాగే ఆపేసింది. “నీకు దేవుడు ఉద్యోగం వద్దని చెప్పాడా?” అంది.

“లేదమ్మా. అబద్ధం వద్దన్నాడు.”

“అయితే నేను రోజూ అబద్ధం ఆడుతున్నానన్నమాట.”

అలా అనలేదని ఎంత చెప్పినా వినలేదు. మొదటిసారి పరీక్షలో నాకు పోస్టు రాలేదు. ఎస్సీ కింద రాస్తే వచ్చి ఉండేది. ఆ సంగతి అమ్మకి తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. రెండోసారి వచ్చింది. నందిగామ దాటాక, హైవేకి కాస్త లోపలగా ఉండే ఊళ్లో ఆడపిల్లల హైస్కూలు. సోషల్ టీచరుగా చేరాను.

ఆ స్కూల్లో తెలుగు మేడమ్ అంటే పిల్లలకి భయమూ, ఇష్టమూ రెండూ. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. నిండైన ముఖం, నుదుటి మీద పావలా కాసంత కుంకుమ బొట్టు. పద్యం ఎత్తుకుంటే పక్క క్లాసు పిల్లలు కూడా రాసుకోవడం ఆపి వినేవారు. చేరిన వారంలోనే నన్ను పక్కకి పిలిచింది.

“ఏమ్మా, పెళ్లయిందా?”

“అయిందండి.”

“మీ ఆయన బాగున్నారా?”

“బాగున్నారండి. కంచికచర్లలో ఎరువుల షాపు.”

“మరి ఆ నుదురేంటమ్మా, అట్లా బోసిగా?”

“మేం క్రైస్తవులమండి.”

“అది తెలుస్తానే ఉంది. ఒక చుక్క పెట్టుకుంటే మీ దేవుడేమన్నా కోప్పడతాడా? పొద్దున్నే పిల్లలు చూసే మొహం కదా.”

“ఆయన సంగతి కాదండి. పెట్టుకుంటే నేను కానిదేదో చూపించినట్టు ఉంటది నాకు.”

ఆవిడ మళ్లీ అడగలేదు. నచ్చిందనీ కాదు. స్టాఫ్ రూములో అన్నం ముందు నేను కళ్లు మూసుకుంటే మాత్రం, మాట్లాడుతున్న మాట ఆపి, నేను కళ్లు తెరిచాక కొనసాగించేది. లెక్కల సారు ముస్లిం. “మీది ఇక్కడే అయిపోద్ది మేడమ్, నేను శుక్రవారం మసీదు దాకా పరిగెత్తాలి” అని నవ్వించేవారు.

బయట అంత సులువుగా ఉండేది కాదు. ఎండాకాలం చివర బడిలో పిల్లల్ని చేర్పించమని ఇంటింటికీ తిరుగుతాము. ఒకింట్లో మంచి మనసుతోనే కుంకుమ భరిణె తెచ్చి, బొట్టు పెట్టించుకుని వెళ్లమంటారు. నేను చెయ్యి అడ్డం పెట్టి, “పూలుంటే ఇవ్వండమ్మా, తీసుకుంటా” అంటాను. కొందరు నవ్వి పూలు తెచ్చిస్తారు. కొందరి ముఖం మాడిపోతుంది. బస్సులో పక్క సీట్లో కూర్చున్న ముసలావిడ నా మెడలో గొలుసుకేసీ, నుదుటికేసీ మార్చి మార్చి చూసి, జాలిగా “ఎప్పుడు పోయాడమ్మా?” అని అడుగుతుంది. ఉన్నాడని చెబితే జాలి పోయి ఇంకేదో వస్తుంది. స్కూల్లో మా మందిరాల పిల్లలు మొదట్లో వరండాలో గొంతు తగ్గించి “వందనాలు మేడమ్” అనేవారు, గుడ్ మార్నింగ్ అనకుండా. నేను మామూలు గొంతుతోనే “వందనాలమ్మా” అనేదాన్ని. కొన్నాళ్లకి వాళ్లూ మామూలుగానే అనసాగారు.

పదో తరగతి పరీక్షల ముందు మా స్కూల్లో సరస్వతి పూజ చేసి, హాల్ టికెట్లు పటం ముందు పెట్టి పిల్లలకిస్తారు. ప్రతి ఏడూ తెలుగు మేడమే చేయించేది. నేను చేరిన మొదటి ఏడు, హారతి అయ్యాక ఆవిడ కుంకుమ పళ్లెంతో టీచర్ల వరసలోకి వచ్చింది. నా దగ్గర ఆగి, వేలికి కుంకుమ అద్దుకుంది.

“వద్దండి” అన్నాను.

“నలుగుర్లో వద్దనకూడదమ్మా.”

“మీ పూజకి అడ్డం రాట్లేదండి. నాకు మాత్రం వద్దు.”

వేలు గాల్లో ఆగింది. పిల్లలందరూ చూస్తున్నారు. ఆవిడ ఆ కుంకుమని తన పళ్లెం అంచుకే తుడుచుకుని ముందుకు కదిలింది. మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్ పిలిచి, కాస్త సర్దుకుపోవాలన్నారు. సాయంత్రం మా మందిరం పిల్ల ఒకతి గేటు దగ్గర ఆగింది. దాని నుదుటి మీద పొద్దుటి కుంకుమ ఇంకా ఉంది.

“మేడమ్, మేము కూడా వద్దనొచ్చా?”

నేను జీతం తీసుకునే టీచర్ని, అది నా క్లాసులో పిల్ల. “వద్దనమని నేను చెప్పనమ్మా. పెట్టించుకోమనీ చెప్పను. మీ అమ్మానాన్నల్నడుగు. నువ్వేం చేసినా నా దగ్గర నువ్వు నువ్వే” అన్నాను. అది తలూపి వెళ్లిపోయింది.

తెలుగు మేడమ్ ఆ తర్వాత నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. అన్నం దగ్గర కూడా వేరే బెంచీకి మారింది. నేను కళ్లు మూసుకున్నప్పుడు మాత్రం ఆ బెంచీ మీది మాటలు మునుపటిలాగే ఆగేవి.

ఆ వర్షాకాలంలో ఆవిడ భర్త గుండెపోటుతో పోయారు. స్కూలంతా వెళ్లి పలకరించి వచ్చాము. కర్మలు అయిపోయాక, జనం పలచబడ్డాక, నేనొక్కదాన్నే మళ్లీ నందిగామలో వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలో కూర్చున్న పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, లోపలికి వినపడేలా అంది.

“పాపం, ఈ పిల్లకీ ఇంత చిన్న వయసులోనే.”

లోపల్నుంచి మేడమ్ గొంతు వినిపించింది. “కాదు పిన్నీ. ఆమె భర్త బంగారంలా ఉన్నాడు. వాళ్లు దేవుణ్ణి నమ్ముకుని పెట్టుకోరు. లోపలికి రానీ.”

నేను వెళ్లి ఆవిడ పక్కన చాప మీద కూర్చున్నాను. ఆ ముఖం మీద ఇప్పుడు ఆ పెద్ద బొట్టు లేదు. ఆవిడే నా చెయ్యి పట్టుకుంది. “ప్రార్థన చేస్తావా ఏంటి?” అని అడిగింది.

“మీకు ఇష్టమైతేనేనండి.”

“మనసులో చేసుకో. వీళ్లంతా ఉన్నారు.”

మనసులోనే చేసుకున్నాను. చెయ్యి వదల్లేదు ఆవిడ.

సెలవు అయ్యాక స్కూలుకి వచ్చింది. మొదటి రోజు పదో తరగతి గదిలో ఎప్పుడూ లేనంత నిశ్శబ్దం. పద్యం చెప్పకుండా వ్యాకరణం చెప్పి వచ్చేసింది. అసెంబ్లీలో వెనక వరసలో నిలబడసాగింది. మధ్యాహ్నం మళ్లీ నా బెంచీ దగ్గరికొచ్చి కూర్చుంది. కొన్ని రోజులు మజ్జిగన్నం కెలుకుతూ ఊరికే ఉండి, ఒకరోజు అడిగింది.

“పిల్లలు నా మొహంలోకి చూట్టల్లేదమ్మా. నువ్వెట్లా అలవాటు పడ్డావ్, ఈ చూపులకి?”

“అలవాటు పడలేదండి. పెళ్లిళ్లలో పసుపు గిన్నె పట్టుకొచ్చినావిడ నన్ను దాటి పక్కావిడ దగ్గరికి వెళ్లిపోద్ది. ఇప్పటికీ గుచ్చుకుంటది. కాకపోతే ఇది నేను కోరి తెచ్చుకున్నది కాబట్టి ఓర్చుకుంటున్నా. మీరు కోరుకోలేదు కదండి.”

ఆవిడ గిన్నెకి మూత పెట్టింది. తర్వాత, “పాలు తాగే వయసులో మా అమ్మ పెట్టింది నాకు బొట్టు. మా ఆయన వచ్చింది ఆ తర్వాతెప్పుడో” అంది.

“అయితే పెట్టుకోండి.”

“చెప్పేది నువ్వా?”

“నేనేనండి. నా నమ్మకానికి నేను తీసేసా. మీ నమ్మకానికి మీరు పెట్టుకోవాలి. జనం కోసం నేను పెట్టుకోనప్పుడు, జనం కోసం మీరు ఎందుకు తీసెయ్యాలి?”

దసరా సెలవులయ్యాక ఆవిడ చిన్న కుంకుమ చుక్కతో వచ్చింది. మునుపటంత పెద్దది కాదు. స్టాఫ్ రూములో ఇద్దరు ముగ్గురు ముఖాలు చూసుకున్నారు. పిల్లలు మాత్రం, ఒకళ్లనొకళ్లు మోచేత్తో పొడుచుకుని, ఆనక మామూలైపోయారు. ఆ రోజు పక్క క్లాసులో ఉన్న నాకు పద్యం వినిపించింది.

మళ్లీ పరీక్షల ముందు పూజ వచ్చింది. మీటింగులో హెడ్‌మిస్ట్రెస్ ఎటో చూస్తూ, “ఈసారి దీపం ఎవరు వెలిగిస్తారు?” అన్నారు. ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో అందరికీ తెలుసు. తెలుగు మేడమ్ తల దించుకుంది.

“ప్రతి ఏడూ మేడమే కదండి” అన్నాను.

“మీరు పూజలో కలవరు గదా మేడమ్, మీకెందుకండి ఈ మాట?” అంది ఒక టీచరు.

“నిజమేనండి, నేను కలవను. కలిసేది ఆవిడ. నా నుదురు మీ అందరూ భరిస్తున్నారు, ఆవిడ చెయ్యి భరించలేరా?”

లెక్కల సారు, “నాకూ ఆ పూజలో పనిలేదు గానీ, పిల్లల్ని అడిగితే ఆవిడనే చెయ్యమంటారండి” అన్నారు. హెడ్‌మిస్ట్రెస్ సరేనన్నారు.

పూజ తెలుగు మేడమే చేసింది. పళ్లెంతో టీచర్ల వరసలోకి వచ్చి, నా దగ్గర ఆగకుండా వెళ్లింది, అది కోపం కాదని ఈసారి నాకు తెలుసు. హాల్ టికెట్లు పంచే ముందు మాత్రం నేను అనుకోనిది జరిగింది. ఆవిడ మైకులో, “మీలో సగం మంది ఏసుప్రభువు పిల్లలు. వాళ్ల కోసం సోషల్ మేడమ్ ఒక ప్రార్థన చేస్తుంది. ఇష్టమున్నవాళ్లు కళ్లు మూసుకోండి, లేనివాళ్లు ఊరకే ఉండండి” అంది.

సర్కారు బడిలో మైకు పట్టుకుని ఎప్పుడూ ప్రార్థన చెయ్యలేదు. కాదంటే ఆ పిల్లల ముందు నా దేవుణ్ణి దాచుకున్నట్టు అవుతుంది. పిల్లలకి భయం లేకుండా చెయ్యమనీ, చదివింది గుర్తుండేలా చెయ్యమనీ, తల్లిదండ్రుల కష్టం వృథా కానివ్వొద్దనీ, ప్రభువు పేరున నాలుగు ముక్కల్లో అడిగి ముగించాను. ఆమెన్ అన్న గొంతులు నేననుకున్న దానికన్నా ఎక్కువ వినిపించాయి.

మర్నాడు ఒక తండ్రి వచ్చి హెడ్‌మిస్ట్రెస్ గదిలో గట్టిగా మాట్లాడాడు. బడిలో ఏసు పేరేంటని అడిగాడు. తెలుగు మేడమ్ వెళ్లి, “సరస్వతి పేరు కూడా తలుచుకున్నాం కదా నాయనా, ఆ రెండిట్లో ఏది మీకు కష్టమైంది?” అంది. ఆయన వినలేదు. నేను ఆయన ముందు నిలబడి, “మీ అమ్మాయి కళ్లు తెరుచుకునే ఉందండి, ఎవరూ ఏమీ అనలేదు. అయినా మీకు బాధ కలిగిందంటే ఆ బాధ నాకు అర్థమవుద్ది. చిన్నప్పట్నుంచీ నేను అట్లాంటి చోట్ల నిలబడ్డదాన్నే” అన్నాను. ఆయన కోపం పూర్తిగా పోలేదు గానీ, కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగి, పిల్ల చదువు ఎలా ఉందని అడిగి వెళ్లాడు.

ఆ మరుసటి ఏడు హెడ్‌మిస్ట్రెస్ తలనొప్పి వద్దనుకున్నారు. పూజా లేదు, ప్రార్థనా లేదు. హాల్ టికెట్లు పంచే ముందు అందరూ ఒక నిమిషం మౌనంగా నిలబడి ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకోవాలన్నారు. పిల్లలు నిలబడ్డారు. కొందరు చేతులు జోడించారు, కొందరు అరచేతులు పైకి తెరిచారు, కొందరు తలవంచారు. తెలుగు మేడమ్ నా పక్కనే నిలబడింది. అది ఆవిడ ఉద్యోగంలో చివరి ఏడు.

నిమిషం అయ్యాక గేటు వైపు నడుస్తూ, “నీ వల్ల నా హారతి పోయింది” అంది.

“నన్ను మైకు ముందుకి తోసింది మీరేగా అండి.”

“ఏమోనమ్మా, ఈ మౌనం నాకు సరిపోలేదు. దేవుణ్ణి పిలవాలంటే గొంతుండాలి.”

“నాక్కూడా సరిపోలేదండి” అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాము. ఆవిడ నందిగామ ఆటో ఎక్కింది. నేను హైవే మీదికి నడిచి, అమ్మ దగ్గరికి వెళ్దామని జగ్గయ్యపేట బస్సు కోసం నిలబడ్డాను.