అమ్మమ్మ వేసిన వేలిముద్ర

మొన్న ఆదివారం మా మనవరాలు డాక్టరు చదువుకు దరఖాస్తు నింపింది. పొయ్యి మీద పప్పు ఉడికేలోపల, సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, ఫోన్లోనే ఆ పని అయిందనిపించింది. పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు అని గడులు వస్తుంటే వేలితో తాకుతూ పోయింది. పుట్టిన ఊరు దగ్గర నాందేడ్ అని కొట్టి తను ముందుకు వెళ్లిపోయింది గాని, పక్కన కూర్చున్న నేను ఆ గడి దగ్గరే ఆగిపోయాను. సరిహద్దుకు ఇటు మరాఠీ వైపు బతికిన నా ఈడు తెలుగువాళ్లకు ఆ ఒక్క గడి ఎంత తిప్పలు పెట్టిందో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు.

నేను పన్నెండో తరగతి చదివింది డెబ్బైల చివర్లో. నాన్న కుండల్‌వాడిలో ఒక పప్పుల మిల్లులో గుమాస్తాగా ఉండి, అది మూతపడ్డాక నాందేడ్ వచ్చి ఒక కిరాణా దుకాణంలో కుదిరాడు. బడిలో మరాఠీ, బజారులో దక్కనీ, ఇంట్లో తెలుగు, ఇలా మూడు భాషల మధ్య పెరిగాను. మా అమ్మను నేను చూడలేదు. మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్నది మా వాళ్ల పద్ధతి కాబట్టి, ఆమె ఏడో నెలలోనే బోధన్ దగ్గరి పల్లెలో ఉన్న అమ్మమ్మ ఇంటికి వెళ్లింది. డాక్టరన్నవాడు లేని ఆ ఊళ్లో, నడిమి అర్రలో నన్ను కని, మూడోనాడు కన్ను మూసింది. అమ్మమ్మ నన్ను ఒడిలో పెట్టుకుని అల్లుడింటికి వచ్చి, ఎవరేమనుకున్నా సరే అని, అక్కడే ఉండిపోయింది. నా పుట్టినరోజు వస్తే చాలు, ఆ రాత్రి పడిన వాన, మంత్రసాని తెచ్చిన కందిలి దీపం, అమ్మ నన్ను చూసి నవ్విన తీరు, అన్నీ వరుస తప్పకుండా చెప్పేది. అమ్మ గురించి నాకు తెలిసిందంతా ఆ కథే.

కుండల్‌వాడి బడిలో నన్ను చేర్పించింది కూడా ఆమే. పిల్ల ఎక్కడ పుట్టిందని మాస్టారు అడిగితే, ఈ ఊళ్లోనే అంటే సరిపోయేదానికి, మా ఇంట్లో పుట్టింది అని తలెత్తి చెప్పి, తన ఊరి పేరు దగ్గరుండి రాయించిందట. తొలి కాన్పు చేయడం తల్లికి మర్యాద, ఆ మర్యాద తప్ప కూతురి వల్ల ఆమెకు మిగిలింది ఇంకేమీ లేదు.

పన్నెండేళ్ల తర్వాత ఆ మాట నాకు అడ్డం వచ్చింది. డాక్టరు కావాలని నాకెందుకు పట్టుదల కలిగిందో వేరే చెప్పనక్కరలేదు. మా సైన్సు సారు, మార్కులు అటూ ఇటుగా ఉన్నా ప్రయత్నం చేయమని ఫారం తెప్పించి ఇచ్చాడు. స్టేషను దగ్గరి స్టూడియోలో ఫోటో దిగాను, మార్కుల కాగితాలకు నకళ్లు కొట్టించి వాటి మీద అధికారి సంతకం కోసం నాలుగు రోజులు వరండాల్లో నిలబడ్డాను. చివరికి మిగిలింది ఈ రాష్ట్రం వాళ్లమేనని చెప్పే డొమిసైల్ కాగితం. కచేరీలో గుమాస్తా నా బడి దాఖలా చూసి, పుట్టింది ఆంధ్రలో కదా, అలాగైతే పదిహేనేళ్లుగా ఇక్కడే ఉన్నట్టు రుజువులు తెమ్మన్నాడు. అతని తప్పేమీ లేదు. బడి కాగితాలు చూపేది పన్నెండేళ్లే. రసీదు లేని అద్దె ఇల్లు, మూతపడిన మిల్లు, అంతకు ముందటికి మా దగ్గర ఏం రుజువులుంటాయి? గడువు ఇక ఎనిమిది రోజులు.

కచేరీ బయట రేకుల కింద అర్జీలు రాసే పెద్దమనిషి ఒకాయన దారి చూపాడు. పిల్ల కుండల్‌వాడిలోనే పుట్టిందనీ, బడిలో పొరపాటున వేరే చెప్పాననీ, కాన్పు చూసిన మనిషి స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేస్తే పని అవుతుందన్నాడు. కాన్పు చూసినవాళ్లలో బతికున్నది అమ్మమ్మ ఒక్కతే.

ఆమె ఒప్పుకోలేదు. "నీ తల్లి నిన్ను నా ఇంట్ల కన్నది బిడ్డా. గా మాట కాదని నేనెట్ల అంట?" అంది. నాన్న తల వంచుకుని కూర్చున్నాడు. రెండు రోజులు నేను అన్నం మానేశాను. మూడో రోజు పొద్దున, ఇప్పటికీ నోరు కాల్చుకోవాలనిపించే మాట ఒకటి అన్నాను. "నీ ఇంట్ల పుట్టవట్టే మా అమ్మ పోయింది. ఇప్పుడు నా సదువు గూడ పోతది" అన్నాను. అమ్మమ్మ లేచి, చీర మార్చుకుని, పోదాం పా అంది.

రేకుల కింద బెంచీ మీద కూర్చుని, రాసింది చదివి వినిపించమంది. ఆయన మరాఠీలో చదువుతుంటే నాన్న తెలుగులో చెప్పాడు. చదువు రాని ముసలిదాన్ని గనుక తెలియక తప్పు చెప్పాను అని ఉంది అందులో. అంతా విని ఒకే ఒక్కటి అడిగింది.

"మరి నా బిడ్డ ఏ ఊర్ల పానం ఇడిసిందని రాసిన్రు?"

అది ఇందులో అక్కర లేదన్నాడు ఆయన. ఆమె బొటనవేలు చాపింది. సిరా అంటిన ఆ వేలిని పిడికిట్లో దాచుకుని ఇల్లు చేరేదాకా తెరవలేదు.

డొమిసైల్ వచ్చింది. దరఖాస్తు రిజిస్టర్డ్ పోస్టులో గడువులోపలే వెళ్లింది. మొదటి జాబితాలో నా పేరు లేదు, రెండో దాంట్లోనూ లేదు. మార్కులు చాలలేదు, అంతే. ఆ సంగతి చెప్పినప్పుడు అమ్మమ్మ మంచంలో పడుకుని ఉంది. "అయితే గా కాయితం వాపస్ తెస్తవా? పని గాలే గద" అంది. ఇవ్వరని చెప్పాను. అటు తిరిగి పడుకుంది.

ఆ ఏడు నా పుట్టినరోజుకు పాయసం చేసింది గాని కథ చెప్పలేదు. నేను అడగలేదు, అడిగే మొహం నాకు లేకపోయింది. మరుసటి వానాకాలం రాకముందే ఆమె కన్ను మూసింది.

తర్వాత నాందేడ్‌లోనే బీఎస్సీ చదివి, బడిలో సైన్సు చెప్పి, రిటైరయ్యాను. బతుకు గడిచిపోయింది. ఇప్పుడు పిల్లలు ఆసుపత్రిలో పుడతారు, పుట్టిన కాగితం వాళ్లతోపాటే ఇంటికి వస్తుంది, తల్లులు క్షేమంగా వస్తారు. ఇది మంచి మార్పే, నేను కాదనను. ఆ రోజుల్లో మాత్రం మనిషి పుట్టుకకు మరో మనిషే సాక్ష్యం. నాకున్న ఒక్క సాక్షి చేత నేనే అబద్ధం చెప్పించాను.

దరఖాస్తు అయిపోయాక మనవరాలు ఫోను పక్కన పెట్టి, నువ్వెక్కడ పుట్టావని ఊరికే అడిగింది. నిజం చెబుదామనే నోరు తెరిచాను. ఇన్నేళ్లు ఫారాల మీద రాసీ రాసీ అలవాటైపోయిందేమో, కుండల్‌వాడి అన్నాను.