అద్దాల హాలు దగ్గర ఉండు

ఓడలో అందరికీ ఆయన బావగారే. ఎప్పుడో ఒక వంటవాడు సరదాకి మొదలుపెట్టిన పిలుపు వంటింట్లోంచి డెక్కు మీదికి, డెక్కు మీంచి కెప్టెను గదికి పాకింది. చివరికి కెప్టెను కూడా "బావగారూ, కాఫీ" అనడం మొదలుపెట్టాడు. ఆ లెక్కన తను ఎంతమంది అక్కచెల్లెళ్లని పెళ్లాడి ఉండాలో అని బావగారు తల పట్టుకునేవారు. నిజానికి పెళ్లాడింది ఒక్కరినే. ఆవిడతో కాపురం చేసింది సెలవుల్లో మాత్రమే. ఆవిడ కన్నుమూసిన రోజున కూడా ఆయన నడిసముద్రంలో ఎవరి మంచం మీదో దుప్పటి పరుస్తున్నారు.

ఆయన పని క్యాబిన్ స్టివార్డు. గదులు సర్దడం, తువ్వాళ్లని హంసల్లా మడిచి మంచాల మీద కూర్చోబెట్టడం, ఎవరు ఏ వేళకి ఏం అడిగినా ముఖం మీద నవ్వు చెదరకుండా తెచ్చిపెట్టడం. మీసం సరిగ్గా మొలవనప్పుడు ఎక్కిన ఓడ, జుట్టంతా నెరిసినా వదల్లేదు. అప్పట్లో అది డబ్బున్న పెద్దవాళ్ల ఓడ. పేకాట గది, చుట్టల గది, డాన్సుల కోసం చుట్టూ నిలువుటద్దాలు బిగించిన పెద్ద హాలు. చంటిపిల్ల ఏడుపు వినపడితే చాలు, మొహాలు చిట్లించేవాళ్లు.

తర్వాత కంపెనీ చేతులు మారింది. కొత్తవాళ్లు ఓడని కొన్నాళ్లు రేవులో కట్టేసి, ఒళ్లంతా గీకి, నీలం రంగు పూసి, పక్కల మీద నవ్వే చేపల బొమ్మలు వేయించి, పేరు మార్చి, ఇక మీదట ఇది కుటుంబాల ఓడ అన్నారు. పేకాట గదిలో రంగు బంతుల గుంట వెలిసింది. చుట్టల గదిని చంటిబిడ్డల తల్లులకి ఇచ్చారు. అద్దాల హాలులో అద్దాలు పీకేసి, గోడలకి మెత్తలు వేసి, తిమింగలం పొట్ట అని పేరు పెట్టారు. పిల్లలు దాని నోట్లో దూరి, తోకలోంచి జారి బయటపడతారు. పై డెక్కు మీద మెలికలు తిరిగిన జారుడు గొట్టం, దాని కింద నీళ్లు. ప్రతి పిల్లకీ చేతికి ఒక రబ్బరు బ్యాండు. అది ఓడలో ఎక్కడుంటే అక్కడ సెక్యూరిటీ గదిలోని తెర మీద ఒక చుక్క వెలుగుతుంది.

సిబ్బందికి పాఠాలు కూడా చెప్పారు. పాత పేర్లు నోట రాకూడదు. ప్రయాణికులతో, అందులోనూ పిల్లలతో, 'లేదు' అనీ 'తెలియదు' అనీ అనకూడదు. ఏం అడిగినా 'రండి చూపిస్తాను' అనాలి. బావగారు అన్నీ బుద్ధిగా విన్నారు. కానీ ఓడకి వేసిన రంగు ఆయన బుర్రకి అంటలేదు. తిమింగలం పొట్ట ఊడ్చి వచ్చి, అద్దాల హాలు ఊడ్చానని చెప్పేవారు. పాతవాళ్లు ముసిముసిగా నవ్వేవాళ్లు. కొత్తవాళ్లు అర్థం కాకపోయినా తలూపేవాళ్లు.

టికెట్లు అమ్మే ముందు ఒక ప్రయాణం సిబ్బంది కుటుంబాలతో వేసి చూద్దామనుకున్నారు. బావగారు కూతురికి ఫోన్ చేశారు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. చిన్నప్పటి నుంచీ ఆమెకి ఆ ఓడ అంటే గిట్టదు, తండ్రిని మింగేసిందని కోపం. చివరికి తన కూతురు, ఒకటో తరగతి చదివే పాప, సముద్రం చూస్తానని గోల పెడితే వచ్చింది. వచ్చిన మర్నాటికే ఓడ ఊపుకి కళ్లు తిరిగి మంచం పట్టింది. పాపని తను పైకి తీసుకెళ్తానని బావగారు అడిగినప్పుడు ఆమె చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది.

"పాప నీ దగ్గరున్నంతసేపూ నీకు డ్యూటీ లేదనుకోవాలి నాన్నా. అనుకోగలవా?"

"ఇవాళ నాకు సెలవేనమ్మా" అన్నారు ఆయన. అడిగింది అది కాదని తెలిసే అన్నారు.

పై డెక్కు మీద ఎండ బాగా కాస్తోంది. పాప జారుడు గొట్టంలోంచి మళ్లీ మళ్లీ జారింది. తడికి బ్యాండు కింద చర్మం ఎర్రబడి దురద పెడుతోందని చెయ్యి చాపితే, బావగారు దాన్ని విప్పి, మణికట్టు తుడిచి, కాసేపాగి కడతానన్నారు. అంతలో చేతికర్ర ఊతంతో ఒక పెద్దావిడ వచ్చి, లిఫ్టు ఎటో తెలియడం లేదు బాబూ అంది. బావగారు ఆలోచించలేదు. ఇన్నేళ్లుగా ఎవరైనా ఫలానాది కావాలనగానే ఆయన కాళ్లు ముందు కదులుతాయి, బుర్ర తర్వాత కదులుతుంది. వంగి పాప భుజం తట్టారు.

"ఇక్కడే ఆడుకో. ఒకవేళ నేను కనపడకపోతే ఎవరినైనా అడిగి అద్దాల హాలు దగ్గర ఉండు. నేను వస్తాను. వచ్చేదాకా కదలకు."

పెద్దావిడని లిఫ్టు దాకా కాదు, పాత అలవాటు కొద్దీ గది దాకా దిగబెట్టి, తలుపు తీసి, కర్టెను కూడా జరిపి వచ్చారు. వచ్చేసరికి గొట్టం దగ్గర పిల్లలున్నారు. పాప లేదు.

కంగారేమీ లేదని తనకి తనే చెప్పుకుంటూ తిమింగలం దగ్గరికి నడిచారు. లేదు. మోకాళ్ల మీద దాని నోట్లో దూరి, తోక దాకా పాకి చూశారు. లేదు. బయటికి వచ్చాక నడక పరుగయింది. డెక్కు అంచున కమ్మీ దగ్గరికి వెళ్లి కిందికి చూశారు. అన్నేళ్లు చూసిన నీళ్లే, కానీ ఆ నీళ్లకి అంత లోతుందని ఆయనకి మొదటిసారి తోచింది. గొట్టం దగ్గర కాపలా ఉన్నతని వాకీటాకీ లాక్కుని సెక్యూరిటీ గదికి చెప్పారు.

సెక్యూరిటీ ఆఫీసరమ్మ గొంతు తాపీగా ఉంది. "కంగారు పడకండి బావగారూ. పాప బ్యాండు తెర మీద కనిపిస్తోంది. పై డెక్కు మీదే ఉంది. తిమింగలానికి ఎడమ పక్క, నడుస్తోంది."

బావగారికి ఊపిరి వచ్చింది. ఎడమ పక్కకి పరుగెత్తారు. అక్కడ కుర్చీలూ, తడి తువ్వాళ్లూ ఉన్నాయి. ఆఫీసరమ్మ పాప ముందుకు కదిలిందని చెప్పింది. ఈయన ముందుకు వెళ్లారు. మెట్ల వైపు వెళ్తోందంది. ఈయన మెట్ల వైపు తిరిగి దిగసాగారు. ఈలోగా కూతురికి కబురు వెళ్లింది. కళ్లు తిరుగుతున్నా గోడ పట్టుకుంటూ ఆమె సెక్యూరిటీ గదికి చేరినట్టుంది, వాకీటాకీలో ఆమె గొంతు వినపడింది.

"నాన్నా, నేను చూస్తున్నాను. దిగుతోంది. పరుగెడుతోంది నాన్నా, ఎవరైనా తరుముతున్నారేమో చూడు."

 మిగిలిన మెట్లు ఎలా దిగారో బావగారికే తెలియదు. కింది వరండాలో ఈ చివర నుంచి ఆ చివర దాకా మూసిన తలుపులే. ఎవరూ లేరు. ఒళ్లంతా చెమటలు పోసి, గోడకి ఆనుకుని నిలబడ్డారు.

"ఆగింది" అంది కూతురు. "నాన్నా, నువ్వెక్కడున్నావు?"

"కింది వరండాలో, మెట్ల పక్కన."

"అక్కడే ఉంది. నీ పక్కనే ఉంది. కనపడటం లేదా?"

ఆయన చుట్టూ చూశారు. కర్టెను ఎత్తి చూశారు. మంటలార్పే సిలిండరు వెనక చూశారు. పాప పేరు పెట్టి పిలిస్తే వరండా అంతా మోగింది. కళ్లలోకి కారుతున్న చెమట తుడుచుకోవడానికి జేబులో చెయ్యి పెట్టారు. చేతికి రుమాలు తగల్లేదు, తడిగా ఉన్న రబ్బరు తగిలింది.

ఇంతసేపూ అందరూ కలిసి తరుముతున్నది ఆయన్నే.

చెప్పక తప్పదు. ఆ ముక్క చెప్పడం కంటే కమ్మీ దాటి దూకడం సులువనిపించింది ఆయనకి. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని, బ్యాండు తన జేబులో ఉందని చెప్పారు.  కాసేపటికి బావగారి పాదాల కింద నేల అదురు తగ్గింది. ఇంజన్లు నెమ్మదించాయి. నడిసముద్రంలో ఉన్నట్టుండి ఓడ వేగం తగ్గించారంటే మనిషి నీళ్లలో పడ్డాడేమోనని అనుమానం వచ్చినట్టే. ఆ సంగతి కూతురికి తెలియకపోతే బాగుండునని ఆయన కోరుకున్నారు.

కూతురు మెట్లెక్కి ఎదురొచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. ఆయన తిట్లకి సిద్ధపడి నిలబడ్డారు. ఆమె తిట్టలేదు, తిట్టడానికి తీరిక లేదు.

"దానితో చివరిగా ఏం చెప్పావు? ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పారు. పెద్దావిడ సంగతీ, లిఫ్టు సంగతీ దాచలేదు. అద్దాల హాలు దగ్గర ఉండమన్నానని, అక్కడ చూశానని, లేదని చెప్పారు.

"అద్దాల హాలు ఎక్కడుంది?"

"అదే, పైన. తిమింగలం."

"అక్కడ అద్దాలెక్కడున్నాయి నాన్నా?"

 ఆ హాలులో అద్దాలు పీకేసి చాలా నెలలైంది. పీకినప్పుడు పక్కనే నిలబడి చూసింది కూడా ఆయనే. అయినా అందాకా ఆ సంగతి తట్టలేదు.

"ఇప్పుడు ఈ ఓడలో అద్దాలున్న గది ఏది?" అని ఆమె గట్టిగా అడిగింది. బావగారు కళ్లు మూసుకుని ఓడంతా తిరిగారు. పేకాట గది, చుట్టల గది, సామాన్ల గది. అన్నీ పాత గదులే కళ్లకి కడుతున్నాయి. ఎక్కడా అద్దం లేదు. కూతురికే గుర్తొచ్చింది. పొద్దున మందు బిళ్ల కోసం వెళ్తూ దారి తప్పి, కింద ఓ మూల గదిలో ఆడపిల్లలు డాన్సు ప్రాక్టీసు చేస్తుంటే చూసింది. గోడ నిండా అద్దాలు. అది సామాన్ల గదే కదా అన్నారు బావగారు. ఆమె అప్పటికే పరుగు తీసింది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని వెళ్లేసరికి గది ఖాళీ. మధ్యలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని, తడి బట్టలతో వణుకుతూ పాప. నాలుగు గోడల్లోనూ వణుకుతూ పాపే. అద్దాల హాలు ఎక్కడని అడిగితే, కొత్తగా చేరిన ఆటల అమ్మాయి నేర్పిన పాఠం ప్రకారం 'లేదు' అనకుండా, రా చూపిస్తానని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిందట. తాతయ్య వస్తాడని పాప అంత నమ్మకంగా చెబితే, ఆ అమ్మాయి కుర్చీ వేసి కూర్చోబెట్టి తన డ్యూటీకి వెళ్లిపోయిందట.

పాప ఏడవలేదు. బావగారిని చూసి, మెప్పు కోసం చూస్తున్నట్టు అంది.

"నేను కదల్లేదు తాతయ్యా. నువ్వు వస్తానన్నావుగా."

కూతురు నేల మీద కూలబడి, తన పైట కొంగుతో పాప తల తుడిచింది, కాళ్లు తుడిచింది, చేతులు తుడిచింది. తుడవడానికి ఇంకేమీ లేకపోయినా తుడుస్తూనే ఉంది. తర్వాత తండ్రి వైపు చూడకుండా మాట్లాడింది.

"నేనూ ఇలాగే కూర్చునేదాన్ని. గుమ్మంలో కుర్చీ వేసుకుని. అమ్మ అన్నానికి పిలిచినా లేచేదాన్ని కాదు, నాన్న వస్తానన్నాడని." పాపని ఒళ్లోకి లాక్కుంది. "దీన్ని కూర్చోనివ్వను నాన్నా."

బావగారికి ఆ కుర్చీ సంగతి కొత్తది కాదు. భార్య ఫోనులో చెబుతూనే ఉండేది, పిల్ల గుమ్మం వదలడం లేదని. అది విని ఆయన మురిసిపోయేవారు. నా కూతురికి నేనంటే ఎంత ప్రాణమోనని వంటింట్లో నలుగురికీ చెప్పుకునేవారు. ఇప్పుడది తల్చుకుంటే తన మీద తనకే రోత పుట్టింది.  వాకీటాకీలో ఆఫీసరమ్మకి పాప దొరికిందని చెప్పారు. ఇంజన్లు మళ్లీ పుంజుకున్నాయి.

మర్నాడు పొద్దున ఓడ రేవు చేరింది. సిబ్బంది కొత్త కాంట్రాక్టు మీద సంతకాలు పెట్టాల్సింది ఆ పూటే. దిగేవాళ్లకి వీడ్కోలు చెప్పడానికి సిబ్బంది అంతా నీలం కోట్లు వేసుకుని మెట్ల దగ్గర వరసగా నిలబడ్డారు, వాళ్లలో బావగారు కూడా. కూతురు పాప చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆయన ఎదురుగా ఆగి, ఆరోగ్యం జాగ్రత్త అంది. బయటివాళ్లతో కూడా ఆ మాత్రం అంటారు.

"తాతయ్యా, మళ్లీ ఎప్పుడొస్తావు?" అంది పాప.

త్వరలోనే వస్తానమ్మా అనే మాట బావగారి నాలుక చివరే ఉంది. ఆ మాట వినడానికి కూతురు కళ్లు దించుకుని నిలబడింది, వినడం అలవాటైన మనిషిలాగా.

బావగారు కోటు గుండీలు విప్పారు. కోటు తీసి పక్కనున్న వంటవాడి చేతిలో పెట్టారు. బావగారూ ఇదేంటి, సంతకాలున్నాయి కదా అని వాడు ఏదో అంటున్నా వినకుండా వరసలోంచి బయటికొచ్చారు.

"పదండి, నేనూ వస్తున్నాను" అన్నారు.

కూతురు తలెత్తింది. నమ్మిందో లేదో తెలియదు. "నీ బట్టలు?" అని అడిగింది.

"తర్వాత తెచ్చుకుంటాలే."

"తర్వాత వద్దు నాన్నా. ఇప్పుడే వెళ్లి తెచ్చుకో. కింద నిలబడతాం" అని ఆమె ఆగింది. "ఎక్కువసేపు నిలబడను."

ఓడలో ఇన్నేళ్లూ ఎవరు బెల్లు కొట్టినా బావగారు అంత వేగంగా పరుగెత్తలేదు. దారిలో చేతికర్ర పెద్దావిడ ఎదురై బాబూ అని పిలిచింది. ఆయన ఆగలేదు. గదిలో చేతికందినవి పెట్టెలో కుక్కి, మూత సరిగ్గా పడకపోయినా అలాగే చంకన పెట్టుకుని, మెట్ల మీదికి వచ్చి కిందికి చూశారు. జనం మధ్య తల్లీకూతుళ్లు కనపడలేదు. ఒక్క క్షణం పాటు ఆయనకి నిన్నటి కమ్మీ దగ్గరి భయమంతా మళ్లీ వచ్చింది. తర్వాత కనపడ్డారు. కూతురు పాపని భుజాల మీదికి ఎత్తుకుని, పైనుంచి దిగే ప్రతి మనిషినీ వెతికి వెతికి చూస్తోంది.