ఆకలి కోసం కొండెక్కినవాళ్లు

బాపట్లలో మా వంటింట్లో కందిపప్పు దోరగా వేగే కమ్మటి వాసన, దాని వెనకే ఎండుమిరపకాయల ఘాటు ముక్కుకు తగలగానే నాకు ముందు గుర్తొచ్చేది అన్నం కాదు, కొండ. పిక్కలు కూడా కాస్త లాగినట్టుంటాయి.

మాది రేపల్లె. ఎటు చూసినా వరిచేలు, కాలవలు, తాటిచెట్లు. ఎత్తు అంటే మాకు కాలవగట్టు, చర్చి గంటగోపురం, అంతే. ఆరో తరగతికి నన్ను తెనాలిలో పిన్నీ బాబాయిల దగ్గర ఉంచారు. బాబాయి కాలవల ఆఫీసులో గుమాస్తా, పిన్ని చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే టీచరు. వాళ్లకు పిల్లల్లేరు. ఆదివారం పొద్దున చర్చిలో పిల్లలకు పాటలూ బైబిలు కథలూ నేర్పే సండే స్కూలు పిన్నిది. వారమంతా ఆ ఒక్క గంట కోసమే ఆమె గొంతు దాచుకునేదేమో అనిపించేది. శనివారం సాయంత్రమే కొత్త పాట కూనిరాగం తీస్తూ, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, నాచేత చప్పట్లు కొట్టించి తాళం సరిచూసుకునేది.

ఈ మొగుడూ పెళ్లాలకు ఒక సరదా ఉండేది. వానలు వెనకబట్టి ఎండ మెత్తబడ్డాక, నెలకో శనివారం సెలవు చూసుకుని తొలి రైలుకు గుంటూరు వెళ్లి, అక్కణ్ణించి బస్సెక్కి, ఏదో ఒక కొండ ఎక్కి, మధ్యాహ్నానికి దిగి, ఆ ఊళ్లోనే కడుపునిండా తిని ఇంటికి రావడం. కొండవీడు ఎక్కారు, కోటప్పకొండా ఎక్కారు గానీ, వాళ్ల మనసు మాత్రం చిలకలూరిపేట దాటాక ఉండే ఒక చిన్న గుట్ట మీదే ఉండేది. ఆ ఊరివాళ్లు దాన్ని బోడికొండ అనేవాళ్లు. ఈ కొండలు తూర్పు కనుమల చివరి తునకలనీ, హిమాలయాలకంటే చాలా ముసలివనీ శాఖా గ్రంథాలయంలో చదివొచ్చి నేను గొప్పగా చెబితే, బాబాయి, "అందుకేనమ్మా మనల్నింత ఓపిగ్గా ఎక్కనిస్తున్నాయి" అన్నాడు.

పైకి తిండి పట్టుకెళ్లకూడదన్నది పిన్ని పెట్టిన నియమం. నీళ్ల సీసా ఒక్కటే. మంచు పూర్తిగా విడవకముందే సీతాఫలం పొదల మధ్య కాలిబాట పట్టేవాళ్లం. గడ్డిగింజలు పావడా అంచుకు అంటుకునేవి, కనపడని మేకల మెడగంటలు మోగేవి, దారిలో పుల్ల రేగుపళ్లు దొరికితే పిన్ని చూడకుండా బాబాయి నా గుప్పిట్లో పెట్టేవాడు. పైన ఒక చిన్న గుడి, పక్కనే వంగిపోయిన వేపచెట్టు. బిడ్డలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్లు దాని కొమ్మలకు పాతచీర పీలికలతో జానెడు ఉయ్యాలలు కట్టి, ఒక్కోదాంట్లో ఒక గులకరాయిని పడుకోబెట్టేవాళ్లు. గాలికి రాళ్ల పాపలన్నీ ఊగేవి. మేం గుడిలోకి వెళ్లేవాళ్లం కాదు. అవతల బండమీద కూర్చుంటే, కిందకెళ్లాక కోడికూర చెప్పాలా వద్దా అని వాళ్లిద్దరూ వాదులాడుకునేవాళ్లు.

దిగాక కొండ మొదట్లో తాటాకు పందిరి హోటలు. అది నడిపే ముసలమ్మను పిన్ని అత్తా అనేది. మాగాణి ఊళ్లవాళ్లం, వరన్నం, చేపల పులుసు, రొయ్యల వేపుడు ఎరిగిన నాలుకలు మావి. ఆమె పొయ్యిమీంచి నేరుగా చేతిలో వేసే జొన్నరొట్టె, రోట్లో బరకగా రుబ్బిన కందిపచ్చడి, నూనె తేలే గోంగూర, కొరుక్కోడానికి పచ్చి ఉల్లిపాయ మాకు వేరే దేశపు విందులా ఉండేవి. "తినవే పిల్లా, కొండ దిగినోళ్లు రెండు రొట్టెలకే చెయ్యి కడగరు" అని మూడోది వేసేది.

తెనాలిలో మాత్రం ఇది ఎవరికీ మింగుడుపడలేదు. మొక్కు లేకుండా కొండెక్కేవాళ్లుంటారా?

"ఏ దేవుడికి తల్లీ మొక్కు?" అంది ఒకరోజు పక్కింటి మల్లేశ్వరక్క, కుళాయి దగ్గర పిన్నితో.

"దేవుడికి కాదక్కా, ఆకలి కోసం."

"ఆకలి కోసం కొండలెందుకే! మా ఇంటికి రా, పది బిందెలు మోయిస్తాను."

అందరూ నవ్వారు. కానీ ఆ నవ్వు చర్చిదాకా వెళ్లేసరికి గుసగుసగా మారింది. పిల్లలు లేని మనిషి, కొండమీద ఉయ్యాలల చెట్టు. ఇంకేం చెప్పాలి? ఒక ఆదివారం సాయంత్రం సంఘ పెద్ద ఏసుపాదం తాతయ్య మా ఇంటికొచ్చాడు. మంచివాడే. ఇబ్బందిగా కుర్చీ అంచున కూర్చుని, టీ ఊదుకుంటూ అన్నాడు.

"నేనడగడం కాదమ్మా, అడిగేవాళ్లకి చెప్పాలి గదా. అన్యదేవతలకి మొక్కే మనిషి చేతికి సండే స్కూలు ఎట్టా ఇస్తారంటున్నారు." తర్వాత నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పు తల్లీ, కొండమీద ఏం చేస్తారు మీ పిన్నీ బాబాయీ?"

"కూర గురించి దెబ్బలాడుకుంటారండి."

ఆయన ఫక్కున నవ్వి, మీసాల మీది టీ తుడుచుకున్నాడు. "అంతేనా? ఇంకేం చెయ్యరా?"

నేను పిన్ని వైపు చూశాను. కిందటిసారి నేను చూసిందొకటి ఉంది. చెప్పాలో వద్దో తెలియలేదు. నా అవస్థ చూసి ఆమే అందుకుంది.

"ఒకటి చేశానండి. ఎవరిదో ఉయ్యాల ఊడి బండలమీద పడుంది. రాయి దొర్లిపోయింది. వెతికి, లోపల పెట్టి, మళ్లీ కట్టాను."

బాబాయి తల వంచుకున్నాడు. తాతయ్య గ్లాసు కింద పెట్టాడు.

"నీ కోసమా అమ్మా?"

"నా కోసమైతే కొత్తది కట్టుకునేదాన్ని గదండీ."

వీధిలో ఐసుబండి గంట మోగించుకుంటూ పోయింది. ఆయన లేచి, కండువా దులిపి భుజాన వేసుకుని, "పడిపోయినదాన్ని లేపి కట్టొద్దని నేను చదివిన బైబిలు వాక్యంలో ఎక్కడా లేదు. అడిగినోళ్లకి అదే చెప్తా" అన్నాడు. గుమ్మం దాటబోతూ ఆగి, "ఇంతకీ కూర సంగతి తేలిందా?" అన్నాడు. ఆ చలికాలం ఆయన కూడా మాతో వచ్చాడు. మోకాళ్లు ఒప్పుకోక కిందే కూర్చుని, మేం దిగేసరికి నాలుగు రొట్టెలు తినేసి, ఆకలికి కొండెందుకమ్మా అని పిన్నిని ఏడిపించాడు.

సండే స్కూలు పిన్నిదిగానే ఉంది. వాళ్లింట్లో ఉయ్యాల మాత్రం ఎన్నడూ ఊగలేదు. ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు.

మొన్న చలికాలంలో మా ఆయనా నేనూ బోడికొండకు వెళ్లాం. పైదాకా తారురోడ్డు. సీతాఫలం పొదలు కొట్టేశారు. మేకల గంటల బదులు కార్ల హారన్లు. తాటాకు పందిరి ఉన్నచోట అద్దాల హోటలు, అందులో ఫ్రైడ్ రైస్. మేమిద్దరమే పాత బాట ఆనవాలు పట్టుకుని, ఆయాసపడుతూ నడిచి ఎక్కాం. వేపచెట్టు కూలిపోయిందట. దాని చోట సిమెంటు దిమ్మె, ఇనుప కమ్మీలు. వాటికి బజార్లో అమ్మే రంగురంగుల ఉయ్యాలలు, నైలాను తాడుతో బిగించినవి, వరసగా వేలాడుతున్నాయి. నేను ఒక్కో కమ్మీ దగ్గరా వంగి, కింద బండల సందుల్లో కూడా చూశాను.

"ఏంటి వెతుకుతున్నావ్?" అన్నాడు మా ఆయన.

ఊడిపోయింది ఒక్కటీ లేదు. అన్ని ముళ్లూ గట్టిగానే ఉన్నాయి.

"ఏం లేదండి, పదండి. ఆకలేస్తోంది" అన్నాను.