ఆ ఉప్పు నేను వేసింది కాదు

ఉప్పు జాడీలో చెయ్యి పెట్టగానే వేళ్ళు వణికిన రోజు నాకు బాగా గుర్తు. పొద్దున్న వేళ, పొయ్యి మీద బీరకాయ కూర ఉడుకుతోంది. ఎంత వెయ్యాలో తేలలేదు. గుండె దడదడ కొట్టుకుంది, ఒళ్ళంతా చెమటలు. పన్నెండో ఏటి నుంచీ వంట చేస్తున్నదాన్ని, ఇరవై మూడేళ్ళు వచ్చాక కూరలో ఉప్పెంతో తెలియక పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. నా జబ్బు ఆ రోజే మొదలైందని తరవాత అందరికీ చెప్పుకున్నాను. నిజానికి అంతకు రెండేళ్ళ ముందే మొదలైంది. అది నా ఒంట్లో పుట్టింది కాదు, నా మొగుడు తెచ్చిపెట్టింది.

ఆయన కాశీబుగ్గలో బడి పంతులు. వీధిలో అందరికీ మాస్టారంటే ప్రాణం. ఎవరింట్లో జ్వరం వచ్చినా ముందు వెళ్ళి పలకరించేది ఆయనే. నన్ను కూడా నలుగురిలో ముద్దుగానే పిలిచేవారు. ఇంట్లోకి రాగానే మాట మారేది. నిన్న తానే చెప్పిన మాటను నేడు అననే లేదనేవారు. "నీకు మతి నిలవడం లేదు, పాపం" అని జాలిపడేవారు. తిట్టినా బాగుండేది, ఆ జాలిని తట్టుకోలేకపోయాను.

మా ఇళ్ళలో వండుతూ రుచి చూడరు, ఎంగిలి అవుతుందని. మొగుడు తిని లేచాక పెళ్ళాం అదే ఆకు ముందు కూర్చుని, అతను వదిలినది కలుపుకుని తింటుంది. మా అమ్మ అలాగే తింది, నేనూ అలాగే తిన్నాను. ఆయన రోజూ రెండు ముద్దలు తిని, "మళ్ళీ ఉప్పు కుమ్మరించావు" అని నిట్టూర్చి, సగం కూర ఆకులోనే వదిలేసేవారు. నేను కూర్చుని నోట్లో పెట్టుకుంటే నిజంగానే ఉప్పు కషాయం. తగ్గించి వేసినా అంతే, సగానికి సగం తగ్గించినా అంతే. నా పసిపిల్లకు ఇంకా పెరుగన్నమే, గిన్నెలో మిగిలిన కూర అంట్లు తోమే నూకమ్మ పట్టుకుపోయేది. ఎలా ఉందని ఆమెను ఒక్కసారి అడగడానికి కూడా నాకు సిగ్గు.

నిద్ర పోయింది, ఆకలి పోయింది. రవికెలు వదులైపోయాయి. పొడి దగ్గు పట్టుకుంది. రైలెక్కించి పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళారు. ఆ ఊరి పేరు రాయను. డాక్టరు గారు ప్రశ్నలన్నీ నన్నే అడిగారు, జవాబులన్నీ ఆయనే చెప్పారు.

"వెయిట్ ఎన్నాళ్ళ నుంచి తగ్గుతోంది?"

"ఏడాది నుంచండీ. మతిమరుపు కూడా ఉంది."

"పల్స్ ఫాస్ట్‌గా ఉంది. థైసిస్ కావచ్చు. స్పుటమ్ టెస్టు, అంటే కఫం పరీక్ష, చెయ్యాలి. రిపోర్టు వచ్చేదాకా ఈవిడ కంచం, గ్లాసు సెపరేట్‌గా ఉంచండి."

క్షయ అనేసరికి ఆయన హడలిపోయారు. నా నాలుగేళ్ళ సీతాలును ఆ సాయంత్రమే టెక్కలిలో ఉన్న తన అక్క ఇంటికి పంపేశారు. బండి కదులుతుంటే పిల్ల నా కోసం చేతులు చాచింది. నేను దగ్గరకు వెళ్ళకుండా ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "నా ఆకు ముట్టుకోకు, వేరే కంచంలో తిను" అన్నారు.

మర్నాడు మొదటిసారి గిన్నెలోంచి వడ్డించుకుని తిన్నాను. ఉప్పు సరిగ్గా ఉంది. జబ్బుతో నాలుక చచ్చిపోయిందనుకున్నాను. చూడండి, నా నోరు నాకు నిజం చెబుతుంటే నేను దాన్నే అనుమానించాను! మూడు రోజులు అలాగే గడిచాక నూకమ్మను అడిగాను.

"ఉప్పేటమ్మా? బాగానే ఉంటాది. ఈ రెండేల్లూ నీ కూరే కదా తింతన్నాం. మా పిల్లలు సట్టి నాకేత్తారు" అంది.

రిపోర్టు వచ్చింది. "లంగ్స్ క్లియర్. ఇది నెర్వస్ వీక్‌నెస్" అన్నారు డాక్టరు గారు. నా వైపు తిరిగి, "ఇంట్లో ఏమైనా కష్టమా అమ్మా?" అన్నారు. "మహారాణిలా చూసుకుంటున్నానండీ" అన్నారు ఆయన. నేను తలూపాను. కాగితం మీద హిస్టీరియా అని రాసి, ఒక మిక్చర్ మందు సీసా ఇచ్చి పంపారు.

ఇంటికి వచ్చాక మళ్ళీ ఆకులో తినమన్నారు. మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళినట్టే వెళ్ళి, తలుపు సందులోంచి చూశాను. ఆకు మూల వడ్డించిన ఉప్పును మూడు వేళ్ళతో తీసి, కూరలో కలిపి, పైన అన్నం కప్పి సర్దాడు. ఎంత నెమ్మదిగా, ఎంత ఓపిగ్గా! అప్పటి నుంచి అతన్ని 'ఆయన' అని రాయడానికి నా చెయ్యి ఒప్పుకోదు.

పూండి దగ్గర మా ఊరికి వెళ్ళి, కొబ్బరితోటలో అమ్మను పక్కకు పిలిచి చెప్పాను. "మాస్టారు అలాటి పని సేత్తాడేటే? నీకు ఒంట్లో బాగోలేదు, పడుకో" అంది. నన్ను కన్న తల్లి! వారం రోజులు మంచం దిగలేదు. నేనే ఏదో చూసి ఏదో అనుకున్నానేమోనని నాకే అనుమానం వచ్చేసింది. ఇప్పుడు తలుచుకుంటే జబ్బు మొత్తంలో ఆ వారమే నన్ను ఎక్కువ పాడుచేసింది.

కాశీబుగ్గకు తిరిగి వెళ్ళి పిల్లను తెమ్మని అడిగాను. "పిచ్చిదాని దగ్గర పిల్లనెలా ఉంచను?" అని, నా తీరు చూడడానికి అక్కను టెక్కలి నుంచి పిలిపించాడు. ఆ మధ్యాహ్నం ఇద్దరికీ ఒకే గిన్నెలోంచి వంకాయ కూర వడ్డించాను. అతను తినడం కానిచ్చి, "చూశావా అక్కా, ఉప్పు?" అన్నాడు. వదిన తలవంచుకుని తింటోంది. నేను వెళ్ళి అతని ఆకు లాగి ఆమె ముందు పెట్టాను.

"వదినా, మీది తిన్నారు. ఇప్పుడు మీ తమ్ముడిది తినండి."

ఆమె ఒక ముద్ద పెట్టుకుంది. ఉప్పు కల్లు పంటి కింద కరకరలాడడం నాకూ వినిపించింది. ఉమ్మేసి అతని వైపు తిరిగింది.

"ఏట్రా ఇది?"

అతను నవ్వాడు. "సరదాకి కలిపానక్కా" అన్నాడు.

సరదాకట! నా రెండేళ్ళ నిద్ర, నా కండ, నా బిడ్డ, అన్నీ వాడి సరదాకి! నా చేతిలోని చెంబు వాడి మీదకు విసరనందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం. వదిన లేచి చెయ్యి కడుక్కుని, "అమ్మా, నువ్వు మీ ఊరెల్లు. పిల్లని నానే తెచ్చి దిగబెడతాను" అంది. మూడో రోజున తెచ్చింది. మా అమ్మకు జరిగిందంతా తనే చెప్పింది. నేను చెబితే నమ్మని అమ్మ ఆమె చెబితే నమ్మింది. అందుకు అమ్మను క్షమించడానికి నాకు చాలా కాలం పట్టింది.

వచ్చేసినంత మాత్రాన జబ్బు పోలేదు. ఏడాదికి పైగా చేతుల వణుకు తగ్గలేదు. వండిన ప్రతిసారీ ఉప్పు సరిపోయిందా అని ఇంటిల్లిపాదినీ అడిగి విసిగించాను. ఆకలి ముందు తిరిగి వచ్చింది, నిద్ర తరవాత వచ్చింది.

ఇప్పుడు మా తోటలోనే ఉంటున్నాం. సీతాలుకు తొమ్మిదేళ్ళు. మొన్న అన్నం తింటూ, "అమ్మా, పులుసులో ఉప్పు తక్కువైంది" అంది. గరిటెతో కాస్త తీసుకుని నాలుక మీద వేసుకున్నాను. నిజమే, తక్కువే. చిటికెడు వేసి కలిపి వడ్డించాను. అది తినేసి ఆడుకోవడానికి పోయింది.

అక్కచెల్లెళ్ళకు ఒక్క మాట. డాక్టరు దగ్గరకు వెళితే మీ ఒంట్లో ఏముందో మీ నోటితోనే చెప్పండి. పక్కనున్నవాడు మీ తరఫున జవాబు చెప్పడం మొదలుపెడితే, వాడిని బయట కూర్చోబెట్టమని ఆ డాక్టరునే అడగండి. సిగ్గుపడకండి. నేను సిగ్గుపడి తలూపాను. ఆ రోజు ఒక్క మాట మాట్లాడి ఉంటే నా బిడ్డ నాకు దూరంగా అన్ని రోజులు ఏడ్చి ఉండేది కాదు.