నానమ్మ ఒలకబోసిన డ్రమ్ము నీళ్ళు

మా చిన్నప్పుడు... ఎండాకాలం వచ్చిందంటే మా వీధి కుళాయి దగ్గర జుట్లు ఊడేవి. విశాఖలో పోర్టు వెనక కొండవాలు మీద మా వీధి. రోజు విడిచి రోజు, సాయంత్రం ఒక్క గంట నీళ్ళు వదిలేవారు. మామూలప్పుడు వదినా, అత్తా అని పిలుచుకునే ఆడవాళ్ళే ఆ గంటసేపూ బిందెలతో మోదుకునేవారు.

ఇంట్లోనూ తక్కువేం కాదు. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే నాన్న తువ్వాలుతో వీపు మీద ఒకటి చరిచి, ఆ తర్వాతే స్విచ్చి ఆపేవాడు. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకి, బట్టలు జాడించిన నీళ్ళు గుమ్మం కడగడానికి... వానాకాలం చూరు కింద గాబు పెట్టడం మరిస్తే నెత్తిన మొట్టికాయ. చలికాలం స్నానానికి బిందెను ఎండలో పెట్టాలి, స్టవ్ వెలిగిస్తే ఆ పూట తిట్లతోనే స్నానం. ఇప్పుడు దీన్ని ముద్దుగా పొదుపు అంటున్నారు. మాకైతే అది భయం.

ఆ ఏడు ఎండల్లో తమ్ముడికి అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు, ఒకటే ఏడుపు. పొక్కులు మాడాక వేపాకు వేసిన నీళ్ళు పోయాలి. అందుకని అమ్మ రెండు దఫాలుగా మోసి, డ్రమ్ము నింపి మూత పెట్టింది. అందులో చెయ్యి పెడితే చెయ్యి విరిచేస్తానని నాకు ముందే చెప్పింది.

తెల్లారితే తమ్ముడికి నీళ్ళు పోస్తారనగా సూర్యగ్రహణం వచ్చింది. గ్రహణం పట్టేలోగా నీళ్ళలో, ఊరగాయ జాడీల్లో దర్భ పోచ వేస్తే మైల అంటదని మా నానమ్మ నమ్మకం. దర్భలు నా చేతికిచ్చి అన్నిట్లోనూ వేయమంది. నేను జాడీల్లో వేశాను... మిగిలిన పోచల్ని ఉంగరాలు చుట్టుకుంటూ కూర్చున్నాను. డ్రమ్ము సంగతే మరిచిపోయాను.

గ్రహణం విడిచాక నానమ్మ డ్రమ్ము మూత తీసి చూసింది. పోచ లేదు. జబ్బుపిల్లాడికి మైల నీళ్ళు పోస్తారా అని, ఇంకేం ఆలోచించకుండా రెండు చేతులా డ్రమ్మును వంచేసింది. అమ్మ వచ్చేసరికి నీళ్ళు మెట్ల మీంచి వీధిలోకి దిగిపోతున్నాయి.

అమ్మ నా జబ్బ పట్టుకుని గోడకేసి నొక్కింది.

"దర్బలేసినావా, నేదా?"

"ఏసినానమ్మా... నానమ్మకి కల్లు కనబడవు కదా."

ఆ మాట నేనే అన్నాను. ఎనిమిదేళ్ళ పిల్లకి అంత తెలివి ఎక్కడినుంచి వచ్చిందో. నానమ్మ నోరు తెరిచింది, డ్రమ్ములోకి మళ్ళీ తొంగి చూసింది. నీళ్ళతో పాటు పోచ కొట్టుకుపోలేదని ఎలా చెప్పగలదు పాపం?

అదృష్టం కొద్దీ ఆ సాయంత్రం నీళ్ళొచ్చే రోజే. కానీ గ్రహణం స్నానాలకని వీధి వీధంతా కుళాయి దగ్గరే ఉంది. అమ్మ వంతు వచ్చేలోపు నీళ్ళు ఆగిపోతాయి. అప్పుడు కుళాయి కింద ఉన్నది నూకరత్నం అత్త బిందె. చేపలమ్మే మనిషి, గట్టి చెయ్యి. అమ్మ ఆ బిందెను పక్కకి తోసి తనది పెట్టింది. తమ్ముడి సంగతి చెబితే, మొన్ననేగా డ్రమ్ము నింపావు, ఎవరి చెవిలో పువ్వులు పెడతావు అంటూ ఆవిడ అమ్మ కొప్పు పట్టుకుంది. అమ్మ బిందె ఎత్తి ఆవిడ మూతి మీద కొట్టింది.

ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నూకరత్నం అత్త నోటి నిండా నెత్తురు, చీరంతా నెత్తురు... అయినా కొప్పు వదల్లేదు. అటు నలుగురు, ఇటు నలుగురు చేరి కలబడ్డారు. గాజులు పగిలాయి, రవికలు చిరిగాయి. ఒక ముసలావిడ ఎవరి మోచెయ్యో తగిలి కాలవలో పడింది. అంతసేపూ కుళాయి ఎవరి బిందెలోనూ పడకుండా ధారగా కారుతూనే ఉంది. గంట కాగానే ఆగిపోయింది. మా అమ్మకి చుక్క దక్కలేదు.

మర్నాడు పొద్దున్నే నూకరత్నం అత్త మా గుమ్మంలోకి వచ్చింది. మూతికి గుడ్డ అడ్డం, చంకలో సగం బిందె నీళ్ళు. గుడ్డ తీస్తే ముందు పన్ను లేదు. బిందె దింపి, అమ్మ మొహం చూడకుండా ఒక్క మాట అంది.

"గుంటడికి. నీకు గాదు."

తమ్ముడికి ఆ నీళ్ళే పోశారు. వాడు లేచి తిరిగాడు.

తిప్పలన్నీ నానమ్మకే మిగిలాయి. ఇక నీళ్ళ జోలికి వెళ్ళొద్దని అమ్మ ఆవిడకి ఖరాఖండీగా చెప్పేసింది. దాహమేస్తే పిలిచి అడగాలి. అడిగేది నన్నే... "కూసిని నీల్లు పోత్తావేటమ్మా" అని. గ్లాసు అందిస్తున్నప్పుడల్లా నిజం నోటిదాకా వచ్చేది. దెబ్బలకి భయపడి మింగేసేదాన్ని. రెండేళ్ళు అలా అడిగి తాగి, నానమ్మ పోయింది.

మొన్నామధ్య తగరపువలసలో ఒక పెళ్ళిలో నూకరత్నం అత్త కనబడింది. పక్కకి తీసుకెళ్ళి అంతా చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను. ఆవిడ నాలికతో ముందు పన్ను తడుముకుంది.

"పన్నుకేటి, కట్టించుకున్నాను. ఇది మీ నానమ్మకి సెప్పాలి గానీ, నాకెందుకు సెప్తన్నావే?"



ఇప్పుడు మధురవాడలో మా ఫ్లాట్లో ఎన్ని కుళాయిలో. ఎండాకాలం బోరు అడుగంటితే ట్యాంకరు వస్తుంది. తిట్లన్నీ ఫోన్లో గ్రూపులోనే, ఎవరి పళ్ళూ ఊడవు. ఎటు తిప్పినా నీళ్ళే... అడిగి తాగే నానమ్మే లేదు.

మీ చిన్నప్పుడు మీరు చేసిన తప్పుకి ఎవరు మాటలు పడ్డారు? వాళ్ళింకా ఉంటే కామెంట్లో తర్వాత రాయండి... ముందు వెళ్ళి వాళ్ళకి చెప్పండి.